చలనచిత్రములందలి రక్తపిశాచము – మనస్తత్త్వ దృష్టి

ఆంగ్లమున 'వాంపైర్' అను పదమునకు మనవారు సాధారణముగా వాడు మాట 'రక్తపిశాచము'. ఇది పనికివచ్చు మాటయే గాని పూర్తిగా సరిపోవు మాట కాదు. మన పిశాచము అశరీరి. అది ఒకరిని పట్టును, ఆవేశించును, ఉపశాంతి చేసినచో విడిచిపోవును. తూర్పు యూరపున పుట్టిన వాంపైరు అట్టిది కాదు. అది శవము, రాత్రివేళ గోతినుండి లేచివచ్చి, తెల్లవారకముందే మరల అదే గోతిలో పరుండు శవము. శవమునందు నివసించువాడు కావున మన భేతాళుడు దానికి కొంత దగ్గరవాడని తోచవచ్చును. 1870లో రిచర్డ్ బర్టన్ భేతాళకథలను ఆంగ్లమున వెలువరించుచు, 'విక్రముడు–వాంపైరు' అను అర్థము వచ్చునట్లు ఆ గ్రంథమునకు పేరు పెట్టుటచే ఈ పోలిక మరింత బలపడినది. అయినను సోమదేవుని కథాసరిత్సాగరమునందు గాని, మన బాలురు చదివిన చందమామ పుటలయందు గాని భేతాళుడు కథ చెప్పువాడు, చిక్కుప్రశ్న వేయువాడు, చివరకు రాజునకు ప్రాణరక్షణోపాయము తెలుపువాడు. నెత్తురు త్రాగుట అతని వృత్తి కాదు.

ఇంతకంటె ముఖ్యమైన భేదము ఇంకొకటి కలదు. బాల్కను గ్రామస్థుడు భయపడిన వాంపైరు ఎక్కడనుండియో వచ్చిన అపరిచిత భూతము కాదు. మొన్న చనిపోయిన మామయో, పొరుగింటి వృద్ధుడో, కన్నబిడ్డయో అట్లు తిరిగివచ్చును. వచ్చి మొట్టమొదట తన ఇంటివారినే బాధించును. 1819లో పాలిడోరి వ్రాసిన కథయు, 1897లో బ్రామ్ స్టోకరు వ్రాసిన 'డ్రాకులా' నవలయు ఈ పల్లెటూరి శవమును జమీందారుగా మార్చినవి. దానికి కోటను, వంశచరిత్రను, మర్యాదగల మాటతీరును ఇచ్చినవి. సినిమా ఈ జమీందారునే విశేషముగా ఆదరించినది. అయినను కొన్ని పాత చిత్రములు, జమీందారును ప్రక్కకు త్రోసి, అతని వెనుకనున్న అసలు ప్రశ్నను తిరిగి పట్టుకొన్నవి: తనవారు చనిపోయినప్పుడు మనుష్యుడు ఎందులకు భయపడును? భయపడినవాడు ఏమి చేయును? ఆ చిత్రములను గూర్చియే ఈ వ్యాసము.

ముందుగా చరిత్రలోని వాంపైరును గూర్చి కొంత చెప్పుకొనవలెను. 1725లో, అప్పటికి హాబ్స్‌బర్గు ప్రభుత్వము క్రింద నున్న సెర్బియాలో కిసిలోవా అను గ్రామమున పీటర్ ప్లొగొయొవిట్స్ అనువాడు మరణించెను. పిమ్మట ఎనిమిది దినములలో తొమ్మండుగురు చనిపోయిరి. ప్లొగొయొవిట్స్ నిద్రలో వచ్చి తమ గొంతు నొక్కెనని వారు మరణశయ్యపై చెప్పిరట. గ్రామస్థులు అధికారి ఎదుటనే గోతిని త్రవ్వి, శవమునకు మేకు దిగగొట్టి, దానిని దహించిరి. 1732 ఆరంభమున ఫ్లూకింగర్ అను సైనిక శస్త్రవైద్యుడు మెద్వెజియా అను మరియొక సెర్బియా గ్రామమున గోతులు త్రవ్వించి చూచి వ్రాసిన నివేదిక యూరపు అంతటను వ్యాపించినది. శవము ఉబ్బియుండుట, నోటివెంట నెత్తురు కారియుండుట, పాతచర్మము ఊడి క్రింద క్రొత్తచర్మము కానవచ్చుట మొదలగునవి అందు వర్ణింపబడినవి. ఆ వైద్యుడు అబద్ధమాడలేదు. అతడు కన్నది కన్నట్లే వ్రాసెను. మృతదేహము భూమిలో కుళ్లునప్పుడు ఈ మార్పులన్నియు సహజముగానే కలుగునని పాల్ బార్బర్ 1988లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగా నిరూపించెను. వాయువులు చేరి దేహము ఉబ్బును, ఆ ఒత్తిడివలన ద్రవము నోటికి ఎగదన్నును, పైచర్మము జారిపోవును. మేకు దిగినప్పుడు వినవచ్చు మూలుగు కూడ లోపలి గాలి వెడలునప్పటి ధ్వనియే. మరియా థెరీసా రాణి 1755లో తన వైద్యుడగు వాన్ స్వీటెన్ ద్వారా విషయమును విచారింపజేసి, ఇట్టి శవదండనలను నిషేధించెను.

నిషేధముతో నమ్మకము చావలేదు. 1892లో, అమెరికాలోని రోడ్ ఐలండు రాష్ట్రమున, ఎక్సెటర్ అను ఊరిలో మెర్సీ బ్రౌన్ అను పందొమ్మిదేండ్ల యువతి క్షయవ్యాధితో మరణించెను. ఆమె తల్లియు అక్కయు అంతకుముందే ఆ వ్యాధిచేతనే పోయియుండిరి. సోదరుడు ఎడ్విన్ మంచము పట్టియుండెను. పొరుగువారి ఒత్తిడివలన శవమును వెలికి తీసి, గుండెను కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి ఎడ్విన్‌చేత త్రాగించిరి. కొలది వారములకే అతడును చనిపోయెను. క్షయకారకమగు క్రిమిని కాఖ్ మహాశయుడు కనిపెట్టి అప్పటికి పదేండ్లయినది. ఈ ఉదంతమున గమనింపదగిన విషయమేమనగా, బూడిద త్రాగించినవారు క్రూరులు కారు. వారు ఎడ్విన్‌ను బ్రతికింపవలెననియే అట్లు చేసిరి. రక్షించుటకు చేసిన పనియే హింసగా పరిణమించుట ఈ విశ్వాసమునకు నైజము. మంచి చిత్రములు ఈ సంగతిని విడువలేదు.

మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఈ విశ్వాసమును వేరొక వైపునుండి పరిశీలించిరి. మనము ప్రేమించిన వారియెడలనే మనకు తెలియని ద్వేషము కొంత దాగియుండుననియు, వారు మరణించినంతనే ఆ ద్వేషము అపరాధభావముగా మారి, 'నేను వానిని ద్వేషింపలేదు, వాడే నన్ను ద్వేషించుచున్నాడు' అను రూపమున మృతునిపై ఆరోపింపబడుననియు ఫ్రాయిడు 1913లో ప్రతిపాదించెను. అతని శిష్యుడు ఎర్నెస్ట్ జోన్స్ 1931లో పీడకలను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ సూత్రమును వాంపైరునకు ప్రత్యేకముగా అన్వయించెను. జోన్స్ చెప్పిన కామసంబంధమైన వివరణలన్నిటిని అంగీకరింపనక్కరలేదు. కొన్ని మిక్కిలి సాగదీసినట్లుండును. కాని వాంపైరు మొదట బంధువులయొద్దకే ఎందులకు వచ్చును అను ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానము నాకు కానరాలేదు.

ఇక మన ఆలంకారికుల పరిభాషలో ఈ విషయమును చూచినచో తేటపడునది మరికొంత కలదు. భయానకరసమునకు స్థాయి భయము. సామాన్యమైన రక్తపిశాచ చిత్రమున ఆ భయమునకు ఆలంబనము పిశాచమే. కోట, చీకటి, తోడేళ్ల కూత ఉద్దీపనములు. పిశాచము నిజము కాదని చెప్పినంతనే ఆలంబనము తొలగిపోవును, రసము నిలువరాదు. ఫ్రెంచి విమర్శకుడు తొదొరొవ్ 1970లో అద్భుతకథను గూర్చి వ్రాయుచు, చదువరి 'ఇది నిజమా, భ్రమయా' అని ఊగిసలాడుచున్నంతసేపే ఆ ప్రక్రియ జీవించుననియు, ఏదో ఒక సమాధానము దొరకినంతనే వేరొక ప్రక్రియలోనికి జారిపోవుననియు చెప్పినాడు. ఈ మాట ప్రకారము హేతుబద్ధమైన వాంపైరు చిత్రము చివరిదశలో చప్పబడి తీరవలెను. చప్పబడినవి ఉన్నవి. కాని చప్పబడనివి కూడ ఉన్నవి. అవి ఎట్లు నిలిచినవో తెలిసికొనుటకు భరతుడు నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమున చేసిన విభాగము ఉపకరించును. వ్యాజమువలన కలుగునది, అపరాధమువలన కలుగునది, విత్రాసితకము అని భయానకము మూడు విధములని అతడు చెప్పెను. పిశాచమును చూచి జడియుట మూడవది మాత్రమే. మొదటి రెండింటికి పిశాచము ఉండనక్కరలేదు.

వ్యాజభయమునకు ఉదాహరణము టాడ్ బ్రౌనింగ్ 1935లో మెట్రో సంస్థకు తీసిన 'మార్క్ ఆఫ్ ది వాంపైర్'. ఇది అతడే 1927లో తీసిన మూకీచిత్రమునకు పునారూపము. ఆ మూకీచిత్రపు ప్రతి నేడు దొరకదు. నాలుగేండ్ల క్రిందట డ్రాకులాగా ప్రసిద్ధికెక్కిన బేలా లుగోసీ ఇందును నల్లని అంగీ ధరించి సాలెగూళ్ల నడుమ సంచరించును. చివరకు అతడును అతని కుమార్తెయు కిరాయి నటులేయనియు, ఒక హంతకుని బయటపెట్టుటకు పన్నిన పన్నాగమే ఇదంతయు ననియు తేలును. ఇంద్రజాలికుడు తన సంచిని తలక్రిందులు చేసి చూపినట్లున్నది ఈ ముగింపు. అంతవరకు పడిన భయము వ్యర్థమైనదను ఉక్రోషము తప్ప ప్రేక్షకునకు మిగులునది లేదు. హేతువాదము ఇట్లు కేవలము గుట్టు విప్పుటగా ఉన్నచో తొదొరొవ్ మాటయే నిజమగును.

దీనికి ముందే వచ్చిన రెండు యూరపు చిత్రములను ఇచ్చట స్మరింపకుండరాదు. మర్నౌ 1922లో తీసిన 'నోస్ఫెరాటు' స్టోకరు నవలను అనుమతి లేకుండ వాడుకొన్నది. ఆయన భార్య వ్యాజ్యెము వేయగా ప్రతులను నాశనము చేయవలెనని న్యాయస్థానము తీర్పు ఇచ్చెను. అదృష్టవశమున కొన్ని మిగిలినవి. ఇందలి ఓర్లాక్ ప్రభువు ఎలుకలను వెంటబెట్టుకొని ఓడలో వచ్చును. ఊరు వాంపైరునకు గాక ప్లేగునకే భయపడి తలుపులు మూసికొనును. వ్యాధికిని పిశాచమునకును గల పాత సంబంధమును దర్శకుడు ఈ విధముగా మరల ముడివేసెను. డ్రయర్ 1932లో విడుదల చేసిన 'వాంపిర్' వేరు త్రోవ. దాని నాయకుడు ఆలన్ గ్రే పిశాచశాస్త్రములు చదివి చదివి, నిజమునకును కలకును నడిమి గీతను పోగొట్టుకొన్నవాడని చిత్రమే మొదట చెప్పును. అతడు తన శవపేటికలో తానే పరుండి, మూతలోని అద్దపు కిటికీగుండా ఆకాశమును చూచుచు మోసికొనిపోబడు ఘట్టమునకు సాటివచ్చునది నేను చూచిన భయానకచిత్రములలో లేదు. అయినను ఇందు వాంపైరు అబద్ధమని ఎవ్వరును చెప్పరు. కలయని మాత్రము అనిపింతురు.

వైద్యుడు రంగమున ప్రవేశించునది 1936లో యూనివర్సల్ సంస్థ వెలువరించిన 'డ్రాకులాస్ డాటర్' చిత్రమున. లాంబర్ట్ హిల్యర్ దర్శకుడు. డ్రాకులాను చంపినందులకు ప్రొఫెసరు వాన్ హెల్సింగ్‌ను పోలీసులు హత్యానేరమున బంధింతురు. ఆయన న్యాయవాదిని పిలువడు. తన పూర్వశిష్యుడగు జెఫ్రీ గార్త్ అను మనోవైద్యుని పిలుచును. ఈ ఒక్క ఏర్పాటే కథను వేరు దారి పట్టించినది. ఇక డ్రాకులా కుమార్తె మరియా జాలెస్కా. ఆమె తండ్రి శవమును తానే దహించి, ఇక తనకు విడుదల కలిగినదని సంబరపడును. పియానో ముందు కూర్చుండి, చిన్ననాటి జోలపాటను జ్ఞాపకము చేసికొనుచు వాయించును. సేవకుడు సాండర్ ప్రక్కన నిలిచి, ఆమె చెప్పు ప్రతి మంచి జ్ఞాపకమునకును ఒక చీకటి జ్ఞాపకమును జోడించుచుండును. క్రమముగా ఆమె వ్రేళ్ల క్రింది సంగీతము కూడ మారిపోవును. వ్యసనమునుండి బయటపడగోరు రోగి ఒకవైపు, ఆ రోగి బాగుపడుట ఇష్టము లేని పరిచారకుడు వేరొకవైపు. దీనిని చూచినవారికి పిశాచకథ జ్ఞప్తికి రాదు. త్రాగుడు మానదలచిన బంధువు ఇంటి సంగతి జ్ఞప్తికి వచ్చును.

ఆమె గార్త్‌ను ఆశ్రయించును. ప్రలోభమును తప్పించుకొనరాదు, ఎదుర్కొని జయింపవలెనని ఆయన బోధించును. త్రాగుబోతును సారాయి బుడ్డితో ఒక గదిలో పెట్టి పరీక్షించు చికిత్సను దృష్టాంతముగా చెప్పును. ఆమె ఆ మాటను అక్షరాల పాటించును. చిత్రలేఖనమునకు నమూనాగా సాండర్ వీథినుండి తోడ్కొనివచ్చిన లిలీ అను పేదపిల్ల ఎదుట నిలిచి తన్ను తాను పరీక్షించుకొనును; ఓడిపోవును. వైద్యుడు ఇచ్చిన సలహాయే ఆ పిల్ల ప్రాణము మీదికి తెచ్చినది. పిమ్మట గార్త్ ఆ లిలీనే వశీకరణనిద్రలో ముంచి, జరిగినదానిని ఆమెచేత చెప్పించును. ఆ శ్రమతో ఆమె మరణించును. జాలెస్కా కూడ తన ఉంగరముతో వశీకరణమే చేయునది. ఒకే విద్య ఇద్దరి చేతిలోను ఒకే పిల్లను దెబ్బతీసినదన్నమాట. కథారచయితలకు ఇంత ఉద్దేశము ఉన్నదో లేదో గాని చిత్రమున అది స్పష్టముగా ఉన్నది. తరువాతి భాగము ట్రాన్సిల్వేనియా కోటకు పోయి మామూలు బాణీలో పడును. సాండర్ అసూయతో వేసిన బాణముచే జాలెస్కా చనిపోవును. తనకు వాగ్దానము చేసిన అమరత్వమును ఆమె గార్త్‌కు ఈయబోవుటయే అతని కోపమునకు కారణము.

ఇక వాల్ లూటన్. 1904లో యాల్టాలో పుట్టి, అమెరికాలో పెరిగి, 1951లో చిన్నవయస్సుననే మరణించిన ఈ నిర్మాత 1942–1946 నడుమ ఆర్.కె.ఓ. సంస్థకు తొమ్మిది భయానకచిత్రములు తీసెను. వ్యయము స్వల్పము, పేర్లు కూడ సంస్థవారే నిర్ణయించి ఇచ్చుచుండెడివారు. కనపరచుటకంటె వినిపించుటయు, వినిపించుటకంటె ఊహింపజేయుటయు అతని పద్ధతి. మొదటిదగు 'క్యాట్ పీపుల్' లో ఐరీనా అను సెర్బియా యువతి, తాను ప్రేమావేశమున చిరుతపులిగా మారుదునని నమ్మును. మనోవైద్యుడు జడ్ అది చిన్ననాటి భయమని కొట్టివేయును, కొట్టివేయుటయే గాక ఆమెను ముద్దుపెట్టుకొని పరీక్షింపబోవును, చచ్చును. ఇందు శాస్త్రము ఓడినది. ఓడినది శాస్త్రము కాదు, శాస్త్రజ్ఞుని దురుద్దేశమని కూడ అనవచ్చును.

రక్తపిశాచ విషయమున లూటన్ చేసిన అసలు పని 1945లో వచ్చిన 'ఐల్ ఆఫ్ ది డెడ్'. దర్శకుడు మార్క్ రాబ్సన్. బ్యోక్లిన్ చిత్రించిన మృతుల ద్వీపము అను ప్రసిద్ధచిత్రము దీనికి ప్రేరణము. కాలము 1912, బాల్కను యుద్ధము, స్థలము గ్రీసు. సేనాపతి ఫెరిడీస్‌గా నటించినవాడు బోరిస్ కార్లాఫ్. చిత్రము తెరచినంతనే, కర్తవ్యమున విఫలుడైన ఒక సేనాని ముందు ఫెరిడీస్ నిలిచియుండును. మాటలతో గాక తుపాకితో ఆతనికి కర్తవ్యము తెలుపును. ఆ సేనాని తన్ను తాను కాల్చుకొనును. ఇట్టివానిని మనము మొదట చూతుము: నియమమును ప్రాణముకంటె ఎక్కువగా ఎంచువాడు, కంటికి కనబడినదానిని చేతికి తగిలినదానిని మాత్రమే నమ్ముదునని చెప్పుకొనువాడు. అతడు ఒక అమెరికను విలేఖరితో కలసి, భార్య సమాధిని చూచుటకు ద్వీపమునకు పోవును. సమాధి త్రవ్వబడియున్నది. శవము లేదు.

ఈ శూన్యమైన సమాధిని విమర్శకులు కథకు ఎత్తుగడగా మాత్రము చూచి దాటిపోవుట కద్దు. నా దృష్టిలో ఇది కీలకము. భార్య పోయిన పిమ్మట ఎన్నియో ఏండ్లకు, యుద్ధము నడుమ తీరిక చిక్కిన ఒక్క రాత్రి ఆమెను చూడవచ్చిన భర్త ఇతడు. వచ్చునప్పటికి ఆమె అక్కడ లేదు. ఇట్టివాని అపరాధభావమునకు వేరు సాక్ష్యము ఎందులకు?

ద్వీపమున ఒక పురాతత్త్వజ్ఞుని ఇంట కొందరు అతిథులు కలరు. ఆ రాత్రి గడచునప్పటికి ఒకడు మరణించును. సేనావైద్యుడు ద్రోసోస్ వచ్చి ప్లేగని నిర్ణయించును. ఎవ్వరును ద్వీపము విడువరాదని సేనాపతి శాసించును. వైద్యుని ఆశ అంతయు దక్షిణపుగాలిమీద: సిరోకో అను ఆ వేడిగాలి వీచినచో వ్యాధిని మోయు కీటకములు నశించును. గాలి రాదు, మనుష్యులు ఒకరి వెనుక ఒకరు పోవుదురు, చివరకు వైద్యుడే పోవును. శాస్త్రము తప్పు చెప్పలేదు, ఆలస్యముగా పనిచేసినది. ఆ ఆలస్యపు సందులో దూరునది ఇంటి పనికత్తె కైరా నమ్మకము. ఈ మరణములు వ్యాధివలన గాదు, 'వోర్వొలాక' వలననే అని ఆమె మొదటినుండియు గొణుగుచునే ఉన్నది. ఆమె వేలు చూపునది థీయా అను యువతి వైపు. థీయా జబ్బుతో నున్న తన యజమానురాలు మేరీ సెయింట్ ఆబిన్‌కు ఉపచారములు చేయుచున్నది. యజమానురాలు చిక్కిపోవుచున్నది, థీయా ఆరోగ్యముతో కళకళలాడుచున్నది. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను!

గ్రీకుల జానపదవిశ్వాసమున వ్రికొలాకాస్ అనగా తిరిగివచ్చిన శవమే. చిత్రము దానిని మార్చి, బ్రతికియుండి తనకు తెలియకయే ఇతరుల ప్రాణమును పీల్చు మనిషిగా చేసినది. ఈ మార్పు చిన్నది కాదు. శవమును అనుమానించినచో శవమునకు మేకు దిగును. బ్రతికినవానిని అనుమానించినచో? తెలంగాణమున బాణామతి, తూర్పు కనుమల మన్యప్రాంతములలో చిల్లంగి అను పేర్లతో పొరుగువారిని అనుమానించి హింసించిన ఉదంతములు మన పత్రికలలో చదివినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అక్కడను జ్వరము మొదట వచ్చును, పేరు తరువాత వెదకబడును. ఆ పేరు ఎప్పుడును ఊరిలో దిక్కులేని వారిదే అగును.

సేనాపతి మారుట ఎట్లో చిత్రము తొందరపడక చూపినది. అతడును పల్లెలో పుట్టినవాడే. కైరా చెప్పు కథలు బాల్యమున విన్నవాడే. చదువు, సైన్యము ఆ కథలపై కప్పిన దుప్పటి, వైద్యుని చావుతో తొలగిపోవును. దీనికి తోడు థీయా అతనిని ద్వేషించును. తన దేశపు పల్లెజనముపైననే సైనికబలమును ప్రయోగించినవాడని ముఖముమీదనే చూపును. ఆ మాట అతనికి గ్రుచ్చుకొనును. తన్ను దోషియని చూపిన పిల్లయే పిశాచమైనచో ఆ నిందకు విలువ ఉండదు గదా. అతడు ఇట్లు ఆలోచించెనని చిత్రము ఎక్కడను పలుకదు. కాని అతడు ఆమెను వెంటాడు చూపులో, అవసరమైనచో చంపుదునని బెదరించు గొంతులో, విధినిర్వహణమును తప్పించుకొను తెరువును కలిసియున్నవి. భరతుడు చెప్పిన అపరాధభయమునకు నేను ఎరిగిన చిత్రములలో ఇదియే ఉత్తమోదాహరణము. ఆలంబనము పిశాచము కాదు. పిశాచమున్నదని నమ్మిన సేనాపతియే. మనము థీయా కొరకు భయపడుదుము, ఆమెను చూచి కాదు. అందువలననే పిశాచము లేదని మనకు తెలిసినను భయము తరుగదు; పెరుగును.

తరువాత జరుగునది మరింత క్రూరమైనది. మేరీకి కొయ్యబారిపోయి చచ్చినట్లు పడియుండు జబ్బు ఒకటి కలదు. సజీవముగా పూడ్చిపెట్టుదురేమోయను భయము ఆమెను జీవితమంతయు వేధించినది. వైద్యుడు లేని ఆ ఇంట ఆమెకు ఆ మూర్ఛ వచ్చును. చనిపోయినదని ఎంచి సమాధిగృహమున పెట్టెలో ఉంచుదురు. పెట్టెమూతపై నీటిబొట్లు ఒక్కొక్కటిగా పడుచుండును, ఇంకేమియు జరుగదు, ఇంతలో లోపలినుండి కేక. మేరీ మతి చలించి బయటపడి, త్రిశూలము వంటి ఆయుధముతో కైరాను, ఫెరిడీస్‌ను పొడిచి, కొండచరియనుండి పడి మరణించును. సమాధినుండి లేచివచ్చి మనుష్యులను చంపిన స్త్రీ! నమ్మకమువారు చెప్పినదంతయు అక్షరాల జరిగినది. అయినను అందు పిశాచము లేదు. ఫెరిడీస్ తాను వోర్వొలాకను కన్నులార చూచితినని చెప్పుచునే ప్రాణము విడుచును. అతని దృష్టిలో అతడు అబద్ధమాడుట లేదు, ఫ్లూకింగర్ అబద్ధమాడనట్లే. అతని పిచ్చి వెనుక మనలను రక్షింపవలెనను కోరికయే ఉండినదని మిగిలినవారిలో ఒకరు జాలిపడుదురు. ఆ జాలి న్యాయమే గాని, ఆ మాట థీయా నోటినుండి రాలేదని మనము గుర్తుంచుకొనవలెను.

చిత్రమున లోపములు లేకపోలేదు. ప్రణయకథ అతికినట్లుండును; విలేఖరి పాత్ర నిర్జీవము; 1944లో కార్లాఫ్‌కు వెన్ను శస్త్రచికిత్స జరిగి చిత్రనిర్మాణము నిలిచిపోవుటవలన కాబోలు, మధ్యభాగమున నడక కుంటుపడినది. అయినను విశ్వాసము మనస్సులో ఎట్లు మొలకెత్తునో ఇంత నిదానముగా చూపిన భయానకచిత్రము ఆ కాలమున మరియొకటి లేదు.

మూడు దశాబ్దముల పిమ్మట జార్జ్ రొమేరో ఈ త్రోవనే మరికొంత దూరము నడచెను. 1976లో చిత్రించి, 1978లో అమెరికాలో విడుదల చేసిన 'మార్టిన్' కథ పెన్సిల్వేనియాలోని బ్రాడక్ అను పట్టణమున జరుగును. కార్నెగీ 1875లో నెలకొల్పిన ఉక్కుకర్మాగారముతో పెరిగి, ఆ పరిశ్రమ క్షీణింపగా తానును క్షీణించిన ఊరది. మూతపడిన దుకాణములు, ఖాళీ ఇండ్లు, పని వెదకికొని వెడలిపోవు యువకులు కోటకు బదులుగా ఇందు కానవత్తురు. నాయకుడు మార్టిన్ తన వయస్సు ఎనుబదినాలుగేండ్లని చెప్పుకొను యువకుడు. అతనికి కోరలు లేవు. కావున మత్తుమందు సూదితో స్త్రీలను నిద్రపుచ్చి, గడ్డపుకత్తి బిళ్లతో చేతిని కోసి రక్తము త్రాగును. ఇందు ఏమాత్రము శృంగారము లేదు. సూది పొడిచిన పిమ్మట మందు పనిచేయువరకు జరుగు పెనుగులాట అసహ్యముగను, జాలిగను ఉండును.

అతనికి ఆశ్రయమిచ్చిన వృద్ధబంధువు కూడా అతనిని నోస్ఫెరాటు అనియే పిలుచును, తలుపులకు వెల్లుల్లి కట్టును, సిలువ చూపును. మార్టిన్ ఆ వెల్లుల్లిని కొరికి నమలును, సిలువను తాకి చూపును. మంత్రమేదియు లేదని ముసలివానికే బోధించును. నడుమ నడుమ నలుపు తెలుపు దృశ్యములు వచ్చును: కొవ్వొత్తులు, పాతకాలపు దుస్తులు, దివిటీలతో తరుముకొనివచ్చు జనము. ఇవి అతని జ్ఞాపకములా, పాతచిత్రములు చూచి అల్లుకొన్న కలలా అనునది రొమేరో చెప్పడు. ఇచ్చట తొదొరొవ్ చెప్పిన ఊగిసలాట చివరివరకు నిలిచినదని ఒప్పుకొనవలెను. కాని మన భయము దానిమీద ఆధారపడిలేదు. వంశమున ఒక శాపమున్నదని, నీవు ఆ శాపమునకు వారసుడవని ఒక పిల్లవానికి బాల్యమునుండి చెప్పుచువచ్చినచో వాడు ఏమగును అను ప్రశ్నమీద ఆధారపడియున్నది. జోన్స్ ఆరోపణమును గూర్చి చెప్పినాడు. ఆ ఆరోపణమును స్వీకరించి, దానినే తన వ్యక్తిత్వముగా చేసికొన్నవానిని గూర్చి చెప్పలేదు. మార్టిన్ వానికి ఉదాహరణము. అతడు హంతకుడే, అందు సందేహము లేదు. అయినను అతడు హంతకుడగుటకును వాంపైరని పిలువబడుటకును గల సంబంధమును ఎవ్వరు తెంపగలరు?

మార్టిన్ సాంటినీ అను వివాహిత స్త్రీతో స్నేహము చేసి, రక్తము లేకయే మనిషిని దగ్గరకు తీసికొనుట నేర్చుకొనసాగును. ఆ స్త్రీ దిగులుతో తన చేతినరములు కోసికొని మరణించును. కూడా దానిని మార్టిన్ చేసిన హత్యయని నిశ్చయించి, నిద్రించుచున్నవాని రొమ్మున మేకు దిగగొట్టి, పెరటిలో పూడ్చి, పైన విత్తులు చల్లును. చేసిన హత్యలకు శిక్ష పడలేదు. చేయని హత్యకు పడినది. అపరాధులపై న్యాయము అమలుజరిగినదని ముసలివాని నమ్మకము. మన కన్నులముందున్నది ఇంటి పెరటిలో ఒక గొయ్యి. కిసిలోవాలో అధికారి ఎదుట జరిగిన తంతు రెండువందల యేబది యేండ్ల పిమ్మట బ్రాడక్‌లో సాక్షి లేకుండ జరిగినది.

చిత్రము నడచుచున్నంతకాలము మార్టిన్ రాత్రివేళ రేడియోలో వచ్చు ఒక సంభాషణ కార్యక్రమమునకు ఫోను చేసి తన బాధలు చెప్పుకొనుచుండును. 'ప్రభువు' అని పేరు పెట్టి, ఆ కార్యక్రమ నిర్వాహకుడు అతనిని వినోదవస్తువుగా వాడుకొనుచుండును. ముసలివాడు మట్టి చదునుచేయుచుండగా పేర్లు తెరపైకి వచ్చును. ఆ పేర్ల వెనుక రేడియో మ్రోగుచునే ఉండును. శ్రోతలు ఒకరి తరువాత ఒకరు ఫోను చేసి, ఆ ప్రభువు ఈ మధ్య వినబడుట లేదేమని అడుగుచుందురు.